వంకర ముక్కు, పావురం, పేరులేని దయ్యం

ఎడింబరోకు తూర్పున విటింగమ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు ఆ ఊళ్లో పసిబిడ్డ దయ్యం తిరిగేదని చెప్పుకునేవారు. బాప్తిస్మం కాకముందే, పేరైనా పెట్టకముందే కన్నతల్లి చేతిలో చచ్చిపోయిన బిడ్డ అది. చీకటి రాత్రుల్లో ఒక చెట్టుకూ చర్చి ఆవరణకూ మధ్య అటూ ఇటూ పరుగులు తీస్తూ, తనకు పేరు లేదని ఏడ్చేదట. పలకరించినవాడు బతకడని ఊరంతా భయం. ఆ దారిన పోవాల్సొస్తే తల దించుకుని పోయేవారు. చివరికి ఒక తాగుబోతు, తెల్లవారుజామున తూలుకుంటూ ఇంటికి పోతూ ఎదురుపడిన ఆకారాన్ని చూశాడు. దాని కాళ్లకు జారిపోయిన పొట్టి మేజోళ్లు కనిపించాయి. మత్తులో ఉన్నవాడికి భయమేముంది? ‘పొట్టి మేజోళ్లూ’ అని పిలిచి క్షేమం అడిగాడు. దయ్యం సంతోషంతో గంతులేసింది. నాకూ పేరొచ్చిందని కేకలు పెడుతూ పోయింది, మళ్లీ ఎవరికీ కనబడలేదు. 19వ శతాబ్దంలో రాబర్ట్ చేంబర్స్ అనే ప్రచురణకర్త స్కాట్లండ్ జానపదాలను పోగుచేసినప్పుడు ఈ కథ కూడా అచ్చుకెక్కింది.

మతశాస్త్రం చదివినవాళ్లు ఒప్పుకోలేని కథ ఇది. బాప్తిస్మం లేకపోవడమే ఆ బిడ్డకు గతి లేకుండా చేసి ఉంటే, తాగుబోతు పలకరింపుతో ఆ లోటు తీరకూడదు. అతను పాదిరి కాడు. నీళ్లు చల్లలేదు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం ఎత్తలేదు. పోనీ పెట్టిన పేరైనా ఘనమైనదా అంటే, పాదాల దగ్గర అరిగి తెగిపోయిన మేజోళ్ల పేరది. కథ చెప్పుకున్న పల్లెజనానికి మాత్రం అది చాలింది. ఒకడు పిలిచాడు, ఒకరు పలికారు, ఆ ప్రాణి మనుషుల లెక్కలో చేరింది.

స్కాట్లండ్ పిల్లల పేర్లు, వాటి అర్థాలు అంటూ అమ్ముడయ్యే పుస్తకాలు బోలెడు. ఒక పక్క పేరు, ఎదురుగా అర్థం. ఈ దయ్యం ఆ రెండు గళ్ల పట్టీని గందరగోళం చేసేస్తుంది. పేరుకు అర్థం నిఘంటువులో ఉందా? పెట్టినవాళ్ల మనసులో ఉందా? పిలిచే గొంతులో ఉందా? విశ్వాసుల మాట ప్రకారం దేవుడి దగ్గరున్న గ్రంథంలో ఉందా? స్కాట్లండ్ ఈ ప్రశ్న మీద పధ్నాలుగు వందల ఏళ్లుగా వాదించుకుంటూనే ఉంది. చాలాసార్లు, వాదిస్తున్నామని తెలియకుండానే.

చర్చి చెప్పిన జవాబు కాలాన్ని బట్టి మారింది. కాథలిక్ కాలంలో బాప్తిస్మం లేని బిడ్డకు పరలోకం దక్కదన్న భయం గట్టిగా ఉండేది. అందుకే బిడ్డ ప్రాణం మీదికొస్తే మంత్రసాని కూడా బాప్తిస్మం ఇవ్వొచ్చని అనుమతి. 1560లో స్కాట్లండ్ పార్లమెంటు పోపు అధికారాన్ని తోసిపుచ్చాక మతసంస్కర్త జాన్ నాక్స్, ఆయన సహచరులు ఆ పద్ధతిని కొట్టేశారు. సంస్కారం జరగాలంటే బోధకుడే జరపాలి, అదీ సంఘం ఎదుట. 1640లలో వెస్ట్‌మిన్‌స్టర్‌లో కూడిన పండితులు ఇంకో అడుగు ముందుకేశారు. దేవుడి కృప నీళ్లతో విడదీయలేనంతగా ముడిపడి లేదన్నారు. ఎవరు రక్షణ పొందాలో అనాదిగా దేవుడే నిర్ణయించుకున్నాడు కాబట్టి, ఆయన ఎన్నుకున్న పసివాళ్లు నీళ్లు పడకముందే కన్నుమూసినా ఆయన దగ్గరికే చేరతారు. 1645లో స్కాట్లండ్ సంఘం ఆమోదించిన ఆరాధన విధానంలో బోధకుడికి ఒక సూచన ఉంది: బిడ్డ పేరేమిటని అడగాలి, చెప్పాక ఆ పేరుతోనే బిడ్డను పిలిచి బాప్తిస్మం ఇవ్వాలి. పేరు బోధకుడు పెట్టేది కాదు, బిడ్డకు అది రక్షణా కాదు. అక్కడ అది పిలుపు మాత్రమే.

సిద్ధాంతం స్పష్టంగానే ఉంది. జనం దాన్ని పట్టించుకోలేదు. ఈశాన్య తీరపు ఆచారాలను 1881లో పుస్తకంగా వేసిన వాల్టర్ గ్రెగర్ స్వయానా చర్చి బోధకుడు. తన సంఘంలోని తల్లులే బాప్తిస్మానికి ముందు బిడ్డ పేరు బయటికి అనకుండా జాగ్రత్తపడటం ఆయన రాసిపెట్టాడు. ఎవరైనా అడిగితే, అది ఇంకా బయటికి రాలేదు అని దాటేసేవారట. బడిలో పిల్లలకు వెస్ట్‌మిన్‌స్టర్ ప్రశ్నోత్తరాలు కంఠతా పట్టించిన దేశమే, ఇంట్లో పేరును నిప్పును దాచినట్టు దాచుకుంది.

కొత్త ప్రొటెస్టెంటు మతానికి పేర్ల మీద ఆశ లేకపోలేదు. సంస్కర్త కాల్విన్ మాట చెల్లిన జెనీవాలో 1546లో ఒక మంగలి తన కొడుక్కి క్లాడ్ అని పేరు పెట్టమని చర్చికి తెచ్చాడు. ఆ చుట్టుపక్కల ప్రసిద్ధికెక్కిన కాథలిక్ పుణ్యపురుషుడి పేరది. బోధకుడు వినిపించుకోకుండా అబ్రాహాము అని బాప్తిస్మం ఇవ్వబోయాడు. తండ్రి బిడ్డను లాక్కున్నాడు, పదిహేనేళ్లొచ్చాక వాడే ఎంచుకుంటాడని చెప్పి వెళ్లిపోయాడు. ఊళ్లో అల్లరి రేగింది. ఆ ఏడాదే ఏయే పేర్లు పెట్టకూడదో జాబితా వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు అదే జెనీవాలో తలదాచుకున్న నాక్స్ తన ఇద్దరు కొడుకులకు నథానియల్, ఎలియాజర్ అని పెట్టుకున్నాడు. తెలుగు బైబిలు పాఠకులకు నతనయేలు, ఎలియాజరు. దేవుడిచ్చినవాడు, దేవుడు ఆదుకున్నవాడు. అంత నిప్పులాంటి సంస్కర్త కూడా ఒక కూతురికి మార్గరెట్ అని పెట్టాడు. అది స్కాట్లండ్ కాథలిక్కులు కొలిచిన రాణి పేరు, నాక్స్ భార్య పేరు కూడా. ఇంటి ప్రేమ ముందు సిద్ధాంతం కాస్త పక్కకు జరిగినట్టుంది.

ఇక అర్థాల పుస్తకం తెరిస్తే మొదట నవ్వొస్తుంది. కామెరన్ అంటే గేలిక్‌లో వంకర ముక్కు. క్యాంప్‌బెల్ అంటే వంకర మూతి. కెనెడీ అనే పేరును వికారమైన తల అని విడగొట్టే సంప్రదాయం బలంగా ఉంది. ఇవన్నీ మొదట ఎవరో పూర్వీకుడికి అంటుకున్న ఎగతాళి పేర్లు, పోనుపోను వంశాల పేర్లయ్యాయి, ఈ మధ్య ముద్దుగా పిల్లలకు పెట్టే పేర్లయ్యాయి. గత ముప్పై ఏళ్లలో స్కాట్లండ్‌లో కామెరన్ అనే మగపిల్లలు వేలల్లో పుట్టారు. తల్లిదండ్రులెవరూ ఉయ్యాల్లోకి తొంగిచూసి ముక్కు కొలవలేదు.

డొనాల్డ్ సంగతి దీనికి తలకిందులు. పాత కెల్టిక్ మూలంలో ఆ పేరుకు లోకాన్ని ఏలేవాడు అని అర్థం. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ తల్లి లూయిస్ దీవిలోని టాంగ్ అనే పల్లెలో గేలిక్ మాట్లాడే ఇంట పుట్టింది. పేరుబలం నమ్మేవాళ్లకు ఇంతకంటే పండగ ఏముంది? కానీ అదే దీవిలో అదే పేరుతో పుట్టి, హెర్రింగ్ చేపలు పట్టుకుని బతికి, తమ పడవను తప్ప దేన్నీ ఏలకుండా పోయిన డొనాల్డ్‌లు ఎంతమందో. వాళ్లను లెక్కలోకి తీసుకుంటే సిద్ధాంతం నిలవదు.

పేరుకు అసలు అర్థమే లేదని గట్టిగా వాదించినవాడు తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్. 1843లో వెలువడిన తర్కశాస్త్ర గ్రంథంలో ఆయన డార్ట్‌మౌత్ అనే ఊరిని ఉదాహరణగా తీసుకున్నాడు. డార్ట్ నది సముద్రంలో కలిసే చోట ఉంది కాబట్టి ఆ పేరు వచ్చింది. రేపు ఇసుక మేట వేసి నది దారి మళ్లినా ఊరి పేరు మారదు. కాబట్టి పేరు వస్తువును చూపిస్తుందేగానీ దాని గుణం గురించి ఏమీ చెప్పదని ఆయన తేల్చాడు. ఎందుకు పెట్టారన్నది వేరు, పెట్టాక అది ఏం చేస్తుందన్నది వేరు. తర్కంగా చూస్తే ఈ మాటను కొట్టేయడం కష్టం.

తమాషా ఏమిటంటే, ఆ మాట రాసిన మనిషి పేరు ఒక ఋణపత్రం. తండ్రి జేమ్స్ మిల్ స్కాట్లండ్‌లోని ఆంగస్ ప్రాంతంలో చెప్పులు కుట్టేవాడి కొడుకు. తెలివైన కుర్రాడని చూసి ఫెటర్‌కెయిర్న్ జమీందారు సర్ జాన్ స్టూవర్ట్ ఎడింబరోలో చదువుకు ఆసరా ఇచ్చాడు. ఆ కృతజ్ఞతతో పెద్దకొడుక్కి జాన్ స్టూవర్ట్ అని పెట్టారు. ఆ జమీందారు కూడా పుట్టుకతో స్టూవర్ట్ కాడు, బెల్షెస్ అనే ఇంటిపేరు మార్చుకుని స్టూవర్ట్ అయ్యాడు. మిల్ కుటుంబం కూడా మొదట మిల్న్. జేమ్స్ తల్లి కొడుకు పైకి రావాలని ఆ స్కాట్లండ్ వాసన తగ్గించి మిల్ చేసింది. భారతదేశంలో అడుగు పెట్టకుండానే 1817లో బ్రిటిష్ ఇండియా చరిత్ర రాసి మన పూర్వీకుల మీద తీర్పులు చెప్పిన జేమ్స్ మిల్ ఇతనే. చూపించడం తప్ప ఇంకేమీ చేయదన్న పేరులో ఒక తల్లి ఆశ, ఒక పేదవాడి విశ్వాసం, ఒక జమీందారు మార్చుకున్న ఇంటిపేరు దాగి ఉన్నాయి. మిల్ దీన్ని కాదనడు. అదంతా కారణం, అర్థం కాదు అంటాడు. ఉయ్యాల చుట్టూ నిలబడిన మనుషులకు ఈ విభజన ఎప్పుడూ రుచించలేదు.

క్రైస్తవం గేలిక్ నేల మీద కాలు మోపిన తొలి శతాబ్దాల్లో అయితే ఆ విభజన అసలే లేదు. అప్పటి భక్తులు పుణ్యపురుషుడి పేరును నేరుగా బిడ్డకు పెట్టడం పొగరు అనుకున్నారు. ముందు ‘గిలె’ చేర్చేవారు, అంటే సేవకుడు. గిల్‌క్రిస్ట్ క్రీస్తు సేవకుడు. గిల్లీస్ యేసు సేవకుడు. గిల్మూర్ మరియ సేవకుడు. గిల్లెస్పీ బిషప్పు సేవకుడు. రామదాసు, కృష్ణదాసు తెలిసిన వాళ్లకు ఈ వినయం విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంకా పాత పద్ధతి ‘మేల్’ చేర్చడం. సన్న్యాసిలా తల గొరిగించుకున్నవాడు అని దాని భావం. మేల్ కొలుమ్ అంటే కొలంబా కోసం తల గొరిగించుకున్న భక్తుడు. ఇంగ్లీషు నోళ్లలో అది మాల్కం అయింది. ఆ పేరుతో నలుగురు రాజులు స్కాట్లండ్‌ను ఏలారు. కత్తి పట్టి సింహాసనం ఎక్కిన ప్రతి మాల్కమూ పేరును బట్టి చూస్తే ఒక బోడిగుండు దాసుడు.

ఆ కొలంబా కథలోనే పేరు మీద అసలైన మతచర్చ ఉంది. ఐర్లండ్ రాజవంశంలో పుట్టిన ఆయన 563లో పన్నెండుమంది అనుచరులతో సముద్రం దాటి, స్కాట్లండ్ పడమటి తీరంలో ఒక చిన్న దీవిలో మఠం కట్టాడు. ఆయనకు మొదట క్రిమ్‌హన్ అనే పేరుండేదనీ, అంటే నక్క అనీ ఐర్లండ్ ఐతిహ్యం. కొలంబా అంటే లాటిన్‌లో పావురం. ఆయన పోయిన నూరేళ్లకు అదే మఠానికి పెద్ద అయిన అడొమ్నాన్ ఆయన జీవితచరిత్ర రాస్తూ ముందుమాటలోనే పేరు దగ్గర ఆగిపోయాడు. లాటిన్‌లో కొలంబా, గ్రీకులో పెరిస్టెరా, హీబ్రూలో యోనా, మూడూ పావురమే. అలాంటి పేరు దేవుడి సంకల్పం లేకుండా అంతటి మనిషికి రాలేదని ఆయన వాదన. యేసు మీదికి పరిశుద్ధాత్మ పావురం రూపంలో దిగింది, ప్రవక్త యోనాకూ అదే పేరు. అడొమ్నాన్ దృష్టిలో పేరు ముందుగానే పలికిన జోస్యం.

ఇంతవరకు భక్తుడి వ్యాఖ్యానం. దీనికి ఎవరూ ఊహించని తోక ఒకటి వచ్చింది. అడొమ్నాన్ ఆ దీవిని లాటిన్‌లో రాసినప్పుడు ‘ఇఓవా’ అనే రూపం వాడాడు. దాన్ని ఎత్తిరాసిన తర్వాతి వాళ్లు చేతిరాతలో ‘యు’ అక్షరాన్ని ‘ఎన్’గా చదివారు. అలా దీవి పేరు అయోనా అయింది. దీవి పేరుకూ పావురానికీ ఏ సంబంధమూ లేదు. కానీ తప్పు రాతలోంచి పుట్టుకొచ్చిన అయోనా అక్షరాలా హీబ్రూ యోనాయే. పావురం పేరున్న మనిషి కట్టిన మఠం ఉన్న దీవికి, కునికిపాట్లు పడుతున్న లేఖకుడెవడో పావురం పేరే పెట్టేశాడు! ఇవాళ స్కాట్లండ్‌లో అయోనా అనే ఆడపిల్లలు ఊరికొకరు దొరుకుతారు. పుస్తకాల్లో దాని పక్కన దీవి పేరు అని ఉంటుంది, కొన్నిట్లో పావురం అని ఉంటుంది, రెండూ నిజమే. అడొమ్నాన్ బతికుంటే దీన్ని పొరపాటు అనడు. దేవుడు లేఖకుడి చెయ్యి పట్టుకుని దిద్దించాడంటాడు. మిల్ అయితే ఇసుక మేటను మళ్లీ గుర్తుచేస్తాడు. వాస్తవాలు ఇద్దరికీ ఒకటే కావడం ఇందులో చిక్కు. ఏ పత్రాన్ని తిరగేసినా ఈ తగువు తీరదు.

మూడో మాల్కం ఇంట్లో పేర్లు రాజకీయం కూడా చేశాయి. షేక్స్‌పియర్ పాఠకులకు ఇతను మాక్‌బెత్‌ను ఓడించినవాడు. మాక్‌బెత్ అంటే జీవపుత్రుడు, దైవభక్తుడని భావం. నాటకం చూసిన ఎవరికీ తట్టని అర్థం. మాల్కం పెళ్లాడిన మార్గరెట్ ఇంగ్లండ్ రాజవంశపు పిల్ల. ఆమెకు పుట్టిన ఆరుగురు కొడుకులు ఎడ్వర్డ్, ఎడ్మండ్, ఎథెల్‌రెడ్, ఎడ్గర్, అలెగ్జాండర్, డేవిడ్. ఒక్కటీ గేలిక్ కాదు. మొదటి నాలుగూ ఆమె పుట్టింటి పెద్దలవి, చివరిది బైబిలులోని దావీదు. ముగ్గురు సింహాసనం ఎక్కారు. ఆస్థానం భాష ఎటు మళ్లిందో ఆ ఉయ్యాలల్లోనే కనిపిస్తుంది.

సామాన్యుల ఇళ్లలో మాత్రం పేరు పెట్టడానికి ఆలోచించే పనే ఉండేది కాదు. ఆనవాయితీ ఎంత బిగువుగా ఉండేదంటే వంశవృక్షాలు వెతికేవాళ్లు ఈరోజుకీ దాని మీదే ఆధారపడతారు. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, మూడోవాడికి నాన్న పేరు. పెద్దకూతురికి అమ్మమ్మ, రెండోదానికి నానమ్మ, మూడోదానికి అమ్మ. పేరు బిడ్డ కోసం కాదు, ఎవరి పేరో వాళ్ల కోసం. తాత పేరు మోసే బిడ్డ చనిపోతే, తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెట్టేవారు. ఒకే ఇంట ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు పిల్లలు సమాధిరాళ్ల మీద కనిపిస్తారు.

తెలుగు ఇంట్లో ఆ ఘట్టం వేరేలా నడిచేది. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో, భిక్షమెత్తి తెచ్చుకున్నట్టు భిక్షాలు అనో పిలిచేవారు. చావుకు ఆ బిడ్డ మీద కన్ను పడకూడదు. అంటే పేరు మృత్యువుతో ఆడే దొంగాట. స్కాట్లండ్ తల్లికి ఆ ఆట ఆడే వీలు లేదు. అన్నీ దేవుడు ముందే రాసిపెట్టాడని ఆమెకు నేర్పారు. ముసుగు పేరు చూసి మోసపోయే దేవుడు కాడు ఆయన. అయినా పోయిన బిడ్డ పేరే మళ్లీ పెట్టడంలో ఒక మొండితనం ఉంది. తీసుకుపోయావు సరే, పేరు మాత్రం మాది అన్నట్టు. ఏ విశ్వాస ప్రకటనలోనూ లేని మాట అది.

ఆనవాయితీకి ఆడపిల్ల అడ్డం వస్తే పేరుకే తోక తగిలించేవారు. తాత పేరు హ్యూ అయితే పిల్ల హ్యూయినా. డొనాల్డ్ అయితే డొనాల్డినా, మర్డో అయితే మర్డీనా, విలియం అయితే విలియమీనా. హైలాండ్స్‌లోనూ దీవుల్లోనూ ఇవి మొన్నమొన్నటి దాకా మామూలు పేర్లు. మిల్ కథలో జమీందారు కూతురు కూడా విలియమీనాయే. జేమ్స్ మిల్ ఆమెకు చదువు చెప్పాడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆమెను ప్రేమించి భంగపడ్డాడు.

మరో విలియమీనా డండీలో 1857లో పుట్టింది. విలియమీనా ఫ్లెమింగ్. అమెరికా చేరాక భర్త వదిలేస్తే, కడుపుతో ఉన్న ఆమె హార్వర్డ్ వేధశాల అధిపతి ఎడ్వర్డ్ పికరింగ్ ఇంట పనిమనిషిగా కుదిరింది. ఆయనే ఆమెను వేధశాలలోకి తీసుకున్నాడు. వేల నక్షత్రాలను వర్గీకరించి, 1888లో గుర్రపుతల నెబ్యులాను ఛాయాచిత్రంలో గుర్తుపట్టింది ఆమే. కొడుక్కి ఎడ్వర్డ్ పికరింగ్ అని పేరు పెట్టుకుంది. మిల్ తండ్రి చేసిన పనే ఇది. ఈసారి చేసినది ఒక తల్లి, అదీ భర్త విడిచిపోయిన తల్లి.

తాతల పేర్లే తిరిగితిరిగి వస్తే చివరికి ఊరంతా ఒకే పేరవుతుంది. మోరే తీరంలోని జాలరి పల్లెల్లో అదే జరిగింది. బకీ ఊళ్లో స్మిత్‌లు, కౌవీలు ఎంతమందంటే ఒక్కొక్కరికీ ‘టీ-నేమ్’ అనే అదనపు పేరు లేకపోతే తపాలా బట్వాడా కాదు, దుకాణంలో అప్పు ఖాతా తేలదు. అధికారిక జాబితాల్లో కూడా అసలు పేరు పక్కన ఈ ఎగతాళి పేరు రాసేవారు. తాత కోసం పెట్టింది ఒకటి, తాను ఎవరో తెలియడానికి ఇంకొకటి. ఆ రెండోది పాదిరి ఇచ్చినది కాదు, రేవులో తోటివాళ్లు ఇచ్చినది. విటింగమ్ తాగుబోతు చేసింది కూడా ఈ కోవలోని పనే.

గేలిక్ మాట్లాడే ఇళ్లలో మరో చిత్రం. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, చర్చి రిజిస్టరులోనూ 1855 తర్వాత ప్రభుత్వ రిజిస్టరులోనూ ఎక్కేది ఇంగ్లీషు పేరు. జతలు కుదర్చడంలో అర్థానికి చోటే లేదు. జీవం అనే మాటలోంచి వచ్చిన బెహక్ కాగితం మీద రెబెకా అయింది, కొన్నిచోట్ల సోఫియా. ఓయ్‌రిక్ యూఫీమియా అయింది. నార్వే ఓడలవాళ్లు వదిలిపోయిన తోర్మద్‌లో పిడుగుదేవుడు థోర్ ఉన్నాడు. బోధకుడు దాన్ని నార్మన్ అని రాసుకున్నాడు. వేసవిలో ఓడెక్కి దాడికి పోయేవాడు అని అర్థమున్న సోర్లె, బైబిలు ప్రవక్త శామ్యూల్ అయ్యాడు. దోపిడీకి వచ్చిన ఓడవాడు కలం పోటుతో దేవుడి పిలుపు విన్న బాలుడైపోయాడు.

హేమిష్ అనే పేరు ఇంకా ముచ్చటైనది. యాకోబు నుంచి జేమ్స్ వచ్చినట్టే గేలిక్‌లో షేమస్ వచ్చింది. ఎదురుగా ఉన్న షేమస్‌ను పిలవాలంటే గేలిక్ వ్యాకరణం ప్రకారం మొదటి హల్లు మెత్తబడి, చివర మారి, ‘హేమిష్’ అని వినిపిస్తుంది. మనకు రాముడు పిలుపులో రామా అయినట్టు. ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఇంటి బయట నిలబడి విన్నది ఆ పిలుపునే, పేరు అదే అనుకున్నారు. ఇవాళ ఆ సంబోధనే ప్రథమా విభక్తిగా చెలామణీ అవుతోంది. హేమిష్ అని పేరున్నవాడు వ్యాకరణరీత్యా ఎప్పుడూ ఎవరో పిలుస్తున్నట్టే ఉంటాడు.

పూర్తిగా కల్పించిన పేర్ల మాటేమిటి? జేమ్స్ మాక్‌ఫెర్సన్ 1760లలో ఆస్సియన్ అనే ప్రాచీన కవి కావ్యాలు దొరికాయంటూ ఇంగ్లీషులో వరసగా అచ్చువేశాడు. విమర్శకుడు శామ్యూల్ జాన్సన్ అది మోసమని తిట్టిపోశాడు. కొన్ని పాత గేలిక్ పాటల పోగులకు సొంత కల్పన కుట్టి తయారు చేశాడని తర్వాతివాళ్లు తేల్చారు. ఈలోగా యూరప్ ఆ పుస్తకాల మాయలో పడింది. నెపోలియన్ వాటిని యుద్ధాలకు కూడా మోసుకెళ్లాడు. సేనాని బెర్నడోట్‌కు 1799లో కొడుకు పుడితే నెపోలియన్ జ్ఞానతండ్రిగా నిలిచాడు, బిడ్డకు ఆస్సియన్ కథల్లోని ఆస్కర్ పేరు వచ్చింది. ఆ బిడ్డే తర్వాత స్వీడన్ రాజు మొదటి ఆస్కర్. ఫియోనా పేరుకూ ఊపిరి ఈ పుస్తకాల్లోనే. తెల్లని, అందమైన అనే అర్థమున్న ‘ఫ్యూన్’ మాట మీద కట్టిన పేరు అది. విలియం షార్ప్ అనే రచయిత 1890లలో ఫియోనా మక్లౌడ్ పేరుతో రాసి, తానెవరో బతికున్నంతకాలం దాచిపెట్టాక అది ఇంటింటికీ చేరింది. లార్నా అయితే 1869లో వచ్చిన ఇంగ్లీషు నవలలో మొదలైంది. ఇంత పచ్చి కల్పన నుంచి వచ్చినా, ఫియోనా అనే అవ్వ చనిపోతే మనవరాలికి ఆ పేరు పెట్టుకునే ఇంట్లో అది పురాతనమే.

పేరు ఇలా ఒకరి నుంచి ఒకరికి చేరే పద్ధతికి తత్త్వశాస్త్రంలో దగ్గరగా వచ్చినవాడు అమెరికన్ తార్కికుడు సాల్ క్రిప్కీ. 1970లో ప్రిన్స్‌టన్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఆయన మిల్‌ను చాలావరకు సమర్థిస్తూనే ఒక లోటు పూరించాడు. బిడ్డ పుడుతుంది, పెద్దలు ఒక పేరుతో పిలుస్తారు, విన్నవాళ్లు ఇంకొకరికి చెబుతారు, గొలుసు సాగుతుంది. వర్ణన తప్పినా, అర్థం మరచిపోయినా, అక్షరం దారిలో మారినా, గొలుసు తెగనంతవరకు పేరు ఆ మనిషిదే. ఆ మొదటి ముడిని ఆయన బాప్తిస్మం అనే మాటతోనే చెప్పాడు. ఆయన యూదుడు, అలంకారంగా వాడిన మాట అది. ఇందులో దేవుడు లేడు, కానీ సంఘం ఉంది. 1645 నాటి ఆరాధన విధానం కూడా, కృప సంగతి పక్కన పెడితే, సంఘం ఎదుట పిలవమనే కదా చెప్పింది!

2023లో స్కాట్లండ్‌లో ఎక్కువమంది ఆడపిల్లలకు పెట్టిన పేరు ఐలా. మగపిల్లల్లో మొదటిది లూకా. ఐలా ఒక నది పేరు, పడమటి దీవి ఒకదాని పేరుకు దగ్గర బంధువు. ఆ దీవి పేరుకు మూలం గేలిక్ కంటే పాతదని, ఏ భాషదో తేలలేదని పండితులంటారు. అడొమ్నాన్ నాటికే దాని అర్థం జారిపోయింది. పుస్తకాలు మాత్రం ఖాళీ వదలకుండా ద్వీపం అని రాసేస్తాయి. లూకా సువార్తికుడి పేరే అయినా చాలామంది దాన్ని పెట్టుకున్నది చెవికి ఇంపుగా ఉందనే.

పుస్తకపు అర్థాన్ని అడ్డంగా తిప్పేసిన పేరు మెకంజీ. కోయన్నిచ్ అనేవాడి కొడుకు అని దాని అర్థం. గేలిక్‌లో ఆడమనిషి ఆ ఇంటిపేరు వాడితే ‘మాక్’ పోయి కూతురు అనే అర్థంలో ‘నిక్’ వస్తుంది. అమెరికాలో మొదలై ఇప్పుడు మెకంజీ అనే ఆడపిల్లలు ఎందరో ఉన్నారు, కొడుకు అన్న పేరుతోనే. తెలుగువాళ్లకు ఆ పేరు వినగానే ఆడపిల్ల గుర్తుకు రాదు, కైఫీయతులు గుర్తొస్తాయి. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టిన కోలిన్ మెకంజీ, కావలి సోదరుల సాయంతో పల్లెపల్లె చరిత్ర రాయించినవాడు. ఏ ఊరికి ఆ పేరెందుకు వచ్చిందో కరణాలు చెప్పిన కథలు ఆ కాగితాల్లో అడుగడుగునా ఉంటాయి. ఆయన సొంత పేరు కథ మాత్రం ఎవరూ అడగలేదు.

తెలుగువాళ్లకు గుర్తున్న ఇంకో స్కాట్లండ్ దొర థామస్ మన్రో గ్లాస్గోలో 1761లో పుట్టాడు. థామస్ అరమాయిక్‌లో కవలవాడు. మన్రో అంటే రో నుంచి వచ్చినవాడని, ఆ రో ఐర్లండ్‌లోని ఒక నది అని వంశ సంప్రదాయం. స్కాట్లండ్‌లో ఆ పేరు చివరికి కొండలకు ఎక్కింది. సర్ హ్యూ మన్రో 1891లో మూడు వేల అడుగులు దాటిన శిఖరాల పట్టిక వేసినప్పటి నుంచి అలాంటి ప్రతి కొండా ఒక మన్రోయే. థామస్ మన్రో పేరు వేరే దారి పట్టింది. 1800 నుంచి 1807 దాకా ఆయన దత్తమండలాల కలెక్టరు. తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఆ తర్వాత సీమ పల్లెల్లో పుట్టిన పిల్లలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పేర్లు పెట్టుకున్నారు. ఆ ఇళ్లలో రో నది సంగతి ఎవరికీ తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ పేరుకు అర్థమేమిటని అడిగి ఉంటే పొలంగట్టు మీది తండ్రి శిస్తు సంగతి ఎత్తేవాడు: భూమి శిస్తులో నాలుగో వంతు తగ్గించమని 1807లో పైవాళ్లకు రాసి, వాళ్లు కాదన్నా గవర్నరై తిరిగొచ్చాక మళ్లీ ఆ పనికే పూనుకున్న దొర అని.